మరునాటికి మిగలకూడని పొట్టేలు

బలుల పాఠం చెప్పే టీచరంటే విద్యార్థులకు భయం ఉండదు, జాలి ఉంటుంది. ఆ సంగతి నాకు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే తెలిసిపోయింది. పల్లెల్లో పనిచేసే పాస్టర్లను తయారుచేసే ఒక చిన్న శిక్షణ పాఠశాల కర్నూలులో ఉండేది. నేను అక్కడే పనిచేసి అక్కడే రిటైరయ్యాను. రాజుల కథలు, యుద్ధాల కథలు చెప్పే సారు క్లాసులో పిల్లలు ముందు బెంచీల కోసం తోసుకునేవాళ్లు. నా క్లాసు వచ్చేసరికి అందరికీ వెనక బెంచీల మీద ప్రేమ పుట్టేది. ప్రాచీన యూదులు ఏ కారణానికి ఏ జంతువును అర్పించారు, రక్తం ఎక్కడ పోశారు, కొవ్వు ఎక్కడ కాల్చారు, మాంసం ఎవరు తిన్నారు అన్నది నా పాఠం. అది కూడా మధ్యాహ్నం అన్నాలు తిన్న తర్వాత, మా ఊరి ఎండలో.

మా ప్రిన్సిపాలుగారు మంచి మనిషే గానీ తొందర మనిషి. "బలులంటే ఏముందమ్మా, మనిషి పాపం చేశాడు, జంతువు చచ్చింది, క్షమాపణ దొరికింది. రెండు క్లాసుల్లో తేల్చేయండి" అనేవారు. ఆయనే స్వయంగా గీయించిన చార్టొకటి గోడకు ఉండేది. ఐదు రకాల బలులకూ ఐదు గడులు, అన్నిట్లోనూ ఒకే ఎర్ర రంగు.

పరీక్షల్లో వచ్చే జవాబులు నాకు మంచి కాలక్షేపం. "సమాధానబలి అనగానేమి?" అని ఒకసారి అడిగాను. సమాధానం అంటే ఇక్కడ శాంతి, సఖ్యత. దేవుడికీ మనిషికీ, మనిషికీ మనిషికీ మధ్య పొత్తు. ఒక పిల్లవాడు మాత్రం "మన ప్రశ్నకు దేవుడు సమాధానం చెప్పినప్పుడు ఇచ్చే బలి" అని రాశాడు. నవ్వుకుంటూనే సగం మార్కులు వేశాను.

ఏళ్లు గడిచేకొద్దీ ఆ పాఠం నాకే కొత్తగా కనబడసాగింది. లైబ్రరీలో యూదు పండితుల వ్యాఖ్యానాలు కొన్ని ఉండేవి. వాటి మీది దుమ్ము దులిపి చదివేదాన్ని. మా పక్కింట్లో ఉర్దూ టీచరు ఒకామె ఉండేది. బక్రీదుకు మా ఇంటికి మాంసం పంపేది. ఒకసారి గిన్నె తిరిగిచ్చేటప్పుడు మాటల్లో, హెబ్రీ భాషలో అర్పణను కొర్బాన్ అంటారని చెప్పాను. ఆమె నవ్వేసింది. "మా ఖుర్బానీ కదండీ అది! కరీబ్ అంటే దగ్గర. దగ్గరికి పోవడమన్నమాట" అంది. పుస్తకాల్లోనూ అదే ఉంది. కానీ గిన్నె చేతిలో పట్టుకుని వింటే ఆ మాట వేరేగా అనిపించింది. ఆ తర్వాత ప్రతి ఏడూ మొదటి రోజు బోర్డు మీద 'దగ్గర' అని ఒక్క మాటే రాసి క్లాసు మొదలుపెట్టేదాన్ని. పిల్లలు వెనక్కి జరిగి కూర్చునేవాళ్లు, అది వేరే సంగతి.

ఇప్పుడు కొత్తగా చర్చి సంఘాల్లోకి వెళ్తున్న పిల్లలు అప్పుడప్పుడూ నన్ను చూడ్డానికి వస్తారు. ఆ పాఠం నిజంగా ఎవరికైనా పనికొచ్చిందా అని నవ్వుతూ అడుగుతారు. ఒక్కసారి వచ్చింది. ఆ ఒక్కసారి సంగతే ఇది.

నేను రిటైరయ్యే ముందటి ఏడాది. ఎండలు ఇంకా ముదరలేదు. స్టాఫ్ రూములో టీ తాగుతుంటే ఫోన్ మోగింది. చేసింది నా పాత విద్యార్థి. నందికొట్కూరు వైపు కుర్రవాడు, కోసిగి పక్కన ఒక పల్లెలో పాస్టరుగా ఉన్నాడు.

"అమ్మగారూ, ఈడ పెద్ద చిక్కొచ్చి పడింది. మా సంఘంలో ఒకామె పొట్టేలును తోలుకొని చర్చి గుడికాడికి వచ్చింది. దేవునికి మొక్కుకున్నాదంట. వద్దని వెనక్కి పంపించినా. ఇంక ఆమె గుడికే రాకుండా పోయింది. బలులు అయిపోయినాయని మీరొచ్చి చెప్పాల. మీ మాటైతే వింటారు."

"ఎందుకు మొక్కుకుంది?" అన్నాను.

"ఆమె భర్త బెంగుళూరులో బేల్దారి పనికి పోయి, కడతాండే మేడ మీద నుంచి పడినాడు. తలకు దెబ్బ. బతకడన్నారు. నడిచి ఇంటికొస్తే మందలో మంచి పొట్టేలును ఇస్తానని మొక్కుకున్నాది. నడిచే వచ్చినాడు."

ప్రిన్సిపాలుగారిని సెలవడిగితే "అమ్మా, అది సంఘం గొడవ, మన సిలబస్ గొడవ కాదు" అన్నారు. తర్వాత ఆయనే, "వెళ్లి రండి. గట్టిగా చెప్పి రండి" అని సంతకం పెట్టారు. గట్టిగా ఏం చెప్పాలో ఆయనకు సందేహం లేదు. నాకుంది.

కోసిగిలో బస్సు దిగేసరికి పాస్టరు ఆటోతో కాచుకుని ఉన్నాడు. చదువుకునే రోజుల కన్నా చిక్కాడు. దారికి రెండు వైపులా పత్తి కట్టెలు పీకేసిన నల్ల చేలు. వలస వెళ్లినవాళ్లు తిరిగొచ్చే రోజులు కాబట్టి ఆటోల మీద మూటలు, బిందెలు, పిల్లలు. నేను అతన్ని ఏమీ అడగలేదు. అతనే మొదలుపెట్టాడు.

"మీరు నన్ను కఠినుడనుకుంటాండారేమో అమ్మగారూ. మా నాయిన సంగతి మీకు ఎప్పుడూ చెప్పలేదు. మా ఊర్లో జాతరకు దున్నపోతును కొట్టేటప్పుడు డప్పు కొట్టేది మా ఇంటోళ్లే. నాయిన ప్రభువును నమ్ముకున్నాక, ఇంక నేను కొట్టనని చెప్పినాడు. ఆ పొద్దు నాయినను వీధిలో పడేసి కొట్టినారు. ఇప్పటికీ ఆయనకు ఎడం చెవి వినపడదు. అంత పోగొట్టుకొని ఆయన ఆ రక్తం కాడ నుంచి బయటికొచ్చినాడు. ఇప్పుడు నేను పాస్టరునై, ఆ రక్తాన్నే మళ్లా గుడి గడప కాడికి రానిస్తే ఆయనకు మొగం ఎట్ల చూపించాల? ఒకసారి రానిస్తే ఇంక యాడ ఆగుతాది?"

 కర్నూలు నుంచి బస్సులో వస్తూ, సహనం గురించి అతనికి చెప్పాలనుకుని నాలుగు మంచి మాటలు కూర్చుకున్నాను. వాటిని అక్కడే వదిలేశాను.

ఆ ఇల్లు బండలు పేర్చిన చిన్న ఇల్లు. ముందు ముళ్లకంపతో వేసిన గొర్రెల దొడ్డి. దొడ్డి పెద్దదే గానీ లోపల గొర్రెలు కొన్నే ఉన్నాయి. ఆస్పత్రికి మంద చాలావరకు కరిగిపోయిందని తర్వాత తెలిసింది. పొట్టేలును వేరుగా గుంజకు కట్టేశారు. మెలి తిరిగిన కొమ్ములు, నల్లటి మొహం. దాని ముందు పచ్చి తుమ్మకాయలు వేస్తూ కూర్చున్నామె లేచి, చేతులు చీరకు తుడుచుకుంది. నలభై దాటి ఉంటుంది. పాస్టరును చూసి తల పక్కకు తిప్పుకుంది.

"అయ్యగారు పిల్చకొచ్చినారా నిన్ను, నాకు బుద్ధి చెప్పమని?" అని నన్నే అడిగింది.

"నీ మాట వినడానికి వచ్చాను" అన్నాను.

చావిడిలో మంచం మీద ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. గుండు మీద కుట్ల గీత ఇంకా ఎర్రగా ఉంది. మాట తడబడుతుంది, ఒక్కో మాటా వెతుక్కుని పలకాలి. నన్ను చూసి నమస్కారం పెట్టడానికి రెండు చేతులూ కలపబోతే ఎడమ చెయ్యి ఆలస్యంగా వచ్చి చేరింది. అతని తల్లి, ముసలామె, గోడకు ఆనుకుని ఆకువక్క నములుతోంది. ఆమె ఈ మతంలోకి రాలేదు. అమ్మవారిని కొలుస్తుంది, కొడుకూ కోడలూ గుడికి పోతే అడ్డం చెప్పదు. వాళ్లింట్లో అది ఎప్పుడూ గొడవ కాలేదట.

"అమ్మా, నాకు ఒగటే తెలియాల" అంది గొర్రెలామె. "ఆ కాలంలో యూదులు తెచ్చిన పొట్టేళ్లన్నీ తీసుకున్న దేవుడు, నా పొట్టేలును యాల వద్దంటాడు? నా మంద సన్నదనా? నేను మాట ఇచ్చినా. ఆస్పత్రి మెట్ల మింద కూసోని ఇచ్చినా. ఆ మాట తప్పితే ఆయన ఈ మనిషిని మళ్లా తీసకపోడని నాకు రాసిస్తావా?"

ఆమె కోపంగా మాట్లాడుతోంది గానీ అది భయమని అర్థమవుతూనే ఉంది. ముసలామె ఆకువక్క ఉమ్మి వచ్చి, "వాళ్ల దేవునికి అక్కర్లేకుంటే మా యమ్మకు ఇచ్చేద్దామంటాండా నేను. మొక్కిన జీవాన్ని ఇంట్లో పెట్టుకోగూడదు" అంది. పాస్టరు నా వైపు చూశాడు. చూశారా, ఇదే నా భయం అన్నట్టు.

అక్కడ నేను చెప్పింది పాఠమే. క్లాసులో చెప్పిందే. కాకపోతే ఇంత శ్రద్ధగా ఎవరూ ఎప్పుడూ వినలేదు.

ఆ కాలపు యూదులు అన్ని బలులూ పాపం కోసమే ఇవ్వలేదని చెప్పాను. ఒకటి మొత్తం కాల్చేసేది, మనిషికి ఒక్క ముక్క కూడా మిగలదు. ఒకటి తెలియక చేసిన తప్పు వల్ల అంటిన మైల పోవడానికి. దానికి గొర్రె లేని బీదవాడు రెండు పావురాలు తెస్తే చాలు, అవీ లేనివాడు గుప్పెడు పిండి తెచ్చినా చాలు. ఇంకొకటి పక్కవాడికి నష్టం చేసినవాడిది. వాడు ముందు పోయి ఆ నష్టం తీర్చాలి, పైగా ఇంకొంత కలిపి ఇవ్వాలి, ఆ తర్వాతే పొట్టేలు.

"రక్తమంటే ప్రాణమని వాళ్ల నమ్మకం. ప్రాణం మనది కాదు, ఇచ్చినవాడిది. అందుకే దాన్ని తాగరు, తినరు. బలిపీఠం దగ్గర ఆయనకే తిరిగిచ్చేస్తారు. దేవుడికి ఆకలై అడిగాడని మాత్రం వాళ్లు అనుకోలేదు. ఆయనకు ఎడ్ల మాంసం అక్కర్లేదని వాళ్ల ప్రవక్తలే తిట్టి మరీ చెప్పారు" అన్నాను.

ముసలామె అడ్డం వచ్చింది. "మా యమ్మకు మాత్రం ఆకలా? తినేది మేమే కదా."

పాస్టరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ ఇంట్లో ఆ రోజు అది మొదటి నవ్వు.

"మరి నా పొట్టేలు యా బలి?" అని అడిగింది గొర్రెలామె.

"నీది సమాధానబలి. మేలు పొందినవాళ్లు, మొక్కు తీరినవాళ్లు తెచ్చేది. అందులో కొవ్వు దేవుడికి. రొమ్ము మాంసం, కుడి తొడ యాజకుడికి, అంటే గుడి పూజారికి. మిగతాదంతా తెచ్చినవాళ్లు రొట్టెలతో తినాలి. దేవుడి ఇంటి దగ్గర దేవుడితో కలిసి తిన్నట్టు. మొక్కుబడి మాంసమైతే మర్నాడు కూడా తినొచ్చు. కృతజ్ఞతగా ఇచ్చిందైతే ఆ రోజే అయిపోవాలి. తెల్లారేసరికి ముక్క మిగలకూడదు."

"ఎందుకట్ల?"

"నువ్వే చెప్పు. ఇంత పొట్టేలు ఒక్క రోజులో అయిపోవాలంటే ఏం చేస్తావు?"

ఆమె పొట్టేలు వైపు చూసింది. "ఊర్నంతా పిలవాల."

"చాలామంది పెద్దలు అదే అన్నారు. ఒక్కడే దాచుకుని తినకుండా, నలుగురినీ పిలిచి, తనకు జరిగిన మేలు వాళ్లకు చెప్పుకోవాలనే ఆ నియమం పెట్టారని."

పాస్టరు అప్పుడు గొంతు సవరించుకున్నాడు. "అమ్మగారూ, ఇంతకూ మీరు బలి ఇయ్యొచ్చంటాండారా?" అన్నాడు. అందులో వేళాకోళం లేదు. అతనికి నిజంగా భయంగా ఉంది.

"లేదయ్యా. యూదులే ఇవ్వరు. యెరూషలేములో గుడి కూలిపోయాక బలిపీఠం లేదు, బలీ లేదు. ఎన్ని వందల ఏళ్లయిందో నీకూ తెలుసు. వాళ్లు ఏం చేశారు? బలి వేళకు ప్రార్థన పెట్టుకున్నారు. బీదవాళ్లకు పెట్టే అన్నం బలికి సాటి అన్నారు. ఇంట్లో భోజనం చేసే బల్లే బలిపీఠం అనుకున్నారు. మనం మన ప్రభువు సిలువ మీద బలి కావడం వల్ల ఆగిపోయాయంటాం, వాళ్లు గుడి లేక ఆగిపోయాయంటారు. ఎవరికైనా బలి ఆగిపోయింది. బలి దేనికోసమో అది ఆగిపోతే ఎలా?"

 పాస్టరు తన షరతులు చెప్పాడు. గుడి ఆవరణలో కోయకూడదు. రక్తం గడపకు గానీ నుదుటికి గానీ తాకకూడదు. బలి అన్న మాట ఎవరూ అనకూడదు. "దీన్ని కృతజ్ఞతా భోజనం అందాం. ప్రార్థన నేను చేస్తా" అన్నాడు. వాళ్ల నాయన తిన్న దెబ్బలను మనసులో పెట్టుకుని ఒక మనిషి అంతదూరం రావడం చిన్న సంగతి కాదు. ముసలామె మాత్రం, "పేరు ఏదైతే ఏం లే, ఎసరు పెట్టండి" అంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. అసలు చిక్కు అప్పుడే మొదలైంది.

ఎవరెవరిని పిలవాలో మాట్లాడుకుంటున్నారు. సంఘం వాళ్లు, వీధి వాళ్లు, వలస నుంచి వచ్చిన బంధువులు. పాస్టరు ఎదురింటి తలుపు వైపు చూసి, "మరి వాళ్లు?" అన్నాడు.

గొర్రెలామె మొహం మారిపోయింది. "వాళ్లను కాదు."

ఎదురిల్లు ఆమె బావది, అంటే భర్తకు సొంత అన్నది. మేస్త్రి. తమ్ముణ్ని బెంగుళూరుకు పనికి తీసుకుపోయింది అతనే. తమ్ముడు పడినప్పుడు ఆస్పత్రిలో చేర్చాడు, మరదలికి ఫోన్ చేశాడు. ఆమె వెళ్లగానే ఆమెకు అప్పజెప్పి వెళ్లిపోయాడు. మళ్లీ ఆస్పత్రి మొహం చూడలేదు. తమ్ముడు ఇంటికి వచ్చాక కూడా గడప దాటి రాలేదు. పొద్దున్నే లేచి వెనక దొడ్డి దారిన పనికి పోతాడు, అదే దారిన వస్తాడు. రెండు తలుపులకూ మధ్య ఉన్నది ఎద్దులబండి పట్టేంత వీధి.

"ఆ ఆస్పత్రిలో భాష రాక, యాడికి పోవాల్నో తెలీక, ఎవరినో ఒగరిని బతిమాలుకుంటా తిరిగినానమ్మా నేను. మందలో ఒక్కో జీవం పోతాంటే ఆయప్ప ఒక మాట అడగలేదు. ఇప్పుడు నా పొట్టేలు కూర ఆయప్పకు పెట్టాల్నా? దేవుడొచ్చి అడిగినా పెట్టను."

   ముసలామె కళ్లు తుడుచుకుంది. ఇద్దరూ ఆమె కొడుకులే.

అంతలో మంచం కిర్రుమంది. ఆమె భర్త లేచి నిలబడ్డాడు. కర్ర అందుకున్నాడు. "యాడికి?" అంది భార్య. అతను ఆగలేదు. ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు. వీధిలో అడుగుపెట్టాక ఒకసారి ఆగి, ఊపిరి తీసుకున్నాడు. పట్టుకుందామని పాస్టరు ముందుకు వస్తే వద్దని చెయ్యి ఊపాడు. అలా నడిచి ఎదురింటి తలుపు దగ్గరికి పోయి కర్రతో తట్టాడు. అతని వదిన తలుపు తీసింది.

"రేపు..." అన్నాడు. మాట వెతుక్కున్నాడు. "రేపు... కూడు. అందరూ."

అంతే చెప్పి వెనక్కి తిరిగాడు. అతను మళ్లీ మంచం దగ్గరికి వచ్చేదాకా మా వైపు ఎవరూ కదల్లేదు. భార్య అతని చేతిలో కర్ర తీసుకుని గోడకు ఆనించింది. ఔనన్నదీ లేదు, కాదన్నదీ లేదు.

మర్నాడు పొద్దున్నే కోసిగి నుంచి కటికాయన వచ్చాడు. ఇంటి వెనక పని జరిగింది. ముందు గొర్రెలామె పొట్టేలు తల మీద చెయ్యి పెట్టి కాసేపు నిలుచుంది. బలి ఇచ్చే యూదులూ అలాగే పెట్టేవాళ్లు, కానీ ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. తను పెంచిన జీవం కాబట్టి పెట్టింది. నేను లోపలికి వచ్చేశాను. అన్నేళ్లు పాఠం చెప్పినా ఆ క్షణం చూసే ధైర్యం నాకు లేదు.

పొయ్యిల మీద పెద్ద డేగిసాలు ఎక్కాయి. ఆడవాళ్లు కూర్చుని జొన్నరొట్టెలు తట్టారు, ఆ చప్పుడు వీధి చివరిదాకా వినబడింది. తొడ ముక్క పాస్టరుకని ముసలామె పక్కన పెడితే అతను సిగ్గుపడిపోయి, "నేను యాజకుణ్ని కాదవ్వా" అన్నాడు. "ఈ టీచరమ్మే కదా చెప్పింది, తిను నాయనా, సన్నంగా అయిపోయినావు" అంది ఆమె.

ఎండ నెత్తికెక్కే వేళకు వీధిలో పందిరి కింద జనం బారులు తీరి కూర్చున్నారు. పాస్టరు ప్రార్థన చేశాడు. చిన్న ప్రార్థనే. చివర్లో గొర్రెలామెను ఏం జరిగిందో చెప్పమన్నాడు. ఆమె ఆస్పత్రి మెట్ల గురించి చెప్పింది, మొక్కు గురించి చెప్పింది, భర్త మొదటిసారి నీళ్లు అడిగిన పొద్దు గురించి చెప్పింది. బావ పేరు ఎత్తలేదు. అక్కడ కూర్చున్న సగం మంది వలస వెళ్లి వచ్చినవాళ్లే. వాళ్లలో చాలామంది తలలు వంచుకుని విన్నారు.

వడ్డన మొదలైంది. ఎదురింటి నుంచి మేస్త్రి భార్య, పిల్లలు వచ్చి ఒక మూల కూర్చున్నారు. మేస్త్రి రాలేదు. మొదటి బంతి అయిపోయింది. రెండో బంతి సగంలో ఎదురింటి తలుపు తీసుకుని అతను బయటికి వచ్చాడు. వెనక దొడ్డి దారిన కాదు, ముందు తలుపు నుంచే. వచ్చి తన అరుగు దగ్గరే నిలబడిపోయాడు. గట్టి మనిషి, చేతుల నిండా సిమెంటు పగుళ్లు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాడు.

 తమ్ముడు బంతి చివర కూర్చుని ఉన్నాడు. తల ఎత్తి చూశాడు.

"అన్నా... రా. కూడు... సల్లారిపోతాంది."

మేస్త్రి వచ్చి తమ్ముడి పక్కన కూర్చున్నాడు. ఎవరో విస్తరి వేశారు. గొర్రెలామె కూర గిన్నెతో వరసలో వస్తోంది. ఒక్కొక్కరికీ గరిటెతో వేస్తూ అతని ముందుకు వచ్చి ఆగింది. గరిటె గిన్నెలోనే ఉండిపోయింది.

అతను తల ఎత్తలేదు. "ఆ పొద్దు వాన్ని పైకెక్కమన్నది నేనేమ్మా" అన్నాడు. "పరంజా కట్టెలు వదులైనాయి, రేపు కడదామన్నా అని వాడు చెప్పనే చెప్పినాడు. ఏం కాదు ఎక్కురా అన్నా. ఆస్పత్రిలో వాని మొగం చూసేదానికి నాకు ధైర్నం లేకపాయ. ఆడ నుంచి ఇంక ఏ పొద్దూ లేకపాయ."

 పాస్టరు గిన్నె అందుకుని తాను వడ్డిద్దామని ముందుకు కదిలాడు. నేను అతని చొక్కా కొస పట్టుకుని ఆపాను. ఆమె అలా నిలబడే ఉంది.  ఈ మాట ఆమెకు ఇప్పుడే తెలిసింది. భర్తకు ముందే తెలుసు, చెప్పలేదు. చెప్పలేకపోయాడో, చెప్పదలచుకోలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఆమె గరిటె ఎత్తి అతని విస్తట్లో కూర వేసింది. ఇంకో గరిటె వేసింది. పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. మేస్త్రి రొట్టె తుంచి చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. తమ్ముడు మోచేత్తో అతన్ని పొడిచాడు. అప్పుడు తిన్నాడు.

పొద్దు వాలేటప్పటికి ఇంకా కొంత కూర మిగిలింది. గొర్రెలామెకు ఒకటే కంగారు, కృతజ్ఞతా భోజనం మర్నాటికి మిగలకూడదని. క్రైస్తవుల ఇంటికి రాము అని ఇళ్లలోనే ఉండిపోయినవాళ్ల దగ్గరికి ముసలామె గిన్నె ఎత్తుకుని తానే బయల్దేరింది. "ఇది మా కొడుకు నడిచినందుకు. మీకు ఏ దేవుడైతే ఏం, తినండి" అని ఇల్లిల్లూ తిరిగి గిన్నె ఖాళీ చేసుకుని వచ్చింది.

ఆ ఒక్క పూటతో అన్నీ చక్కబడ్డాయని చెప్పను. పాస్టరు ఫోనుల్లో చెబుతూ ఉండేవాడు. తోడికోడళ్లు చాలాకాలం ముభావంగానే ఉన్నారు. మేస్త్రి బెంగుళూరు మానేసి, తన గొర్రెలతో పాటు తమ్ముడి గొర్రెలను కూడా మేతకు తోలుకుపోవడం మొదలుపెట్టాడు. గొర్రెలామె గుడికి వస్తోంది, ముందులాగే ఆలస్యంగా. తన తండ్రికి ఈ సంగతంతా చెప్పానని, ఆయన వినబడే చెవి తిప్పి రెండుసార్లు చెప్పించుకున్నాడని, ఏమీ అనలేదని, ఒకసారి మాత్రం పాస్టరు చెప్పాడు. మా ప్రిన్సిపాలుగారికి "గట్టిగానే చెప్పి వచ్చాను" అన్నాను. ఆయన సంతోషించారు.

ఆ భోజనం రోజు సాయంత్రం నన్ను ఆటో ఎక్కించడానికి గొర్రెలామె రోడ్డు దాకా వచ్చింది. చేతులకు ఇంకా మసాలా వాసన. ఆటో కోసం చూస్తూ నిలబడ్డాం.  చివరికి ఆమె అడిగింది.

"అమ్మా, నా మొక్కు తీరినట్టేనా?"

అన్నేళ్లు ప్రశ్నాపత్రాలు తయారుచేసినదాన్ని, ప్రశ్నకు ప్రశ్నే వేశాను. "నీకేమనిపిస్తోంది?" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి ఊరివైపు చూసింది.

"పొట్టేలును ఇచ్చేదానికి నాకు ఏం కష్టం కాలేదమ్మా. ఆయప్ప ముందర గరిటె ఎత్తేదానికే సెయ్యి రాలేదు" అంది. "ఆ పొద్దు మెట్ల మింద నేను మొక్కుకున్నది పొట్టేలునే. ఆ దేవుడు తీసుకున్నది మాత్రం అది కాదేమో."